కరెంటు యాడికి పోయింది? ఒక ఇంటర్ పిల్లోడి సర్క్యూట్ లెక్కల కేసు

కావలిలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ ట్యూషన్ చెప్తా ఉంటా, మేడ మీద గది, ఒక బోర్డు, పాతిక కుర్చీలు, అంతే. పోయిన ఏడాది నా దగ్గరికి వచ్చిన ఒక ఎంపీసీ సెకండియర్ పిల్లోడి గురించి రాస్తున్నా. పేరు చెప్పను, మావోడు అనుకోండి. వాళ్ళ నాన్నకి మోటార్ వైండింగ్ షాపు ఉంది, మావోడు ఏడో తరగతి నుంచి ఆ షాపులోనే పెరిగాడు, మోటారు శబ్దం విని బేరింగ్ పోయిందా కెపాసిటర్ పోయిందా చెప్పేస్తాడు. అట్టాంటోడికి కరెంటు చాప్టర్‌లో ఇరవైకి మూడు. వాళ్ళ నాన్నే తీసుకొచ్చాడు, "సార్, మీటరు పట్టుకుంటే నాకంటే బాగా చూస్తాడు, పేపరు మీదకొచ్చేసరికి వీడికి ఏమైద్దో తెలవదు, మీరే చూడాల సార్" అన్నాడు.

మొదటి రోజు ఒక చిన్న లెక్క ఇచ్చా. 12 వోల్టుల బ్యాటరీ, దానికి 2 ఓములు, 4 ఓముల రెసిస్టర్లు (కరెంటుకి అడ్డుపడేవి, ఆ అడ్డుకి కొలత ఓము) సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి, ఒక్కోదాంట్లో కరెంటు ఎంత. మావోడు టకటకా రాశాడు, 12 బై 2 అంటే 6 ఆంపియర్లు, 12 బై 4 అంటే 3 ఆంపియర్లు. ఏందిరా సిరీస్‌లో రెండు రకాల కరెంటు ఉంటదా అంటే తల గోక్కున్నాడు. సరే ఫార్ములా గుర్తులేదు అనుకుని మూడు వారాలు మామూలు పద్ధతిలోనే రుద్దా: సిరీస్ అయితే కూడు, పారలల్ (దారి చీలి పక్కపక్కన ఉండేవి) అయితే తలకిందులు చేసి కూడు, మళ్ళీ తలకిందులు చెయ్యి. లెక్కలు నలభై దాకా చేయించా. నేను బోర్డు మీద గీసిన బొమ్మలాంటి బొమ్మ వస్తే కరెక్టుగా చేసేవాడు, అదే బొమ్మ కొంచెం పక్కకి తిప్పి గీస్తే మునిగిపోయేవాడు. ఆ మూడు వారాలు నా పొరపాటే, రోగం చూడకుండా మందు రాశా.

నాలుగో వారం లెక్కలు ఆపేసి, అంకెలు నేనే చేసి పెట్టి, కబుర్లాగా అడిగా. బొమ్మ ఇది: 12 వోల్టుల బ్యాటరీ, ముందు ఒక 4 ఓముల రెసిస్టర్, దాని తర్వాత దారి రెండుగా చీలి ఒక దాంట్లో 12 ఓములు, ఇంకో దాంట్లో 6 ఓములు, మళ్ళీ కలిసి బ్యాటరీకి. బ్యాటరీ నుంచి 1.5 ఆంపియర్లు వస్తున్నాయి, 12 ఓముల్లో 0.5, 6 ఓముల్లో 1. ఇప్పుడు 12 ఓముల తీగ కత్తిరించేస్తే 6 ఓముల్లో ఎంత పోద్ది?

"1.5 సార్, బ్యాటరీ ఇచ్చేది ఇస్తానే ఉంటది కదా, వీడు లేకపోతే మొత్తం వాడికే."

ఇంకో ప్రశ్న. ఒకే రకం బల్బులు రెండు, ఒకదాని తర్వాత ఒకటి, ఏది ఎక్కువ వెలుగుద్ది? "ప్లస్ పక్కన ఉండేది సార్. ముందున్నోడు తినేశాక మిగిలిందే కదా రెండోవాడికి."

ఈ రెండు జవాబులతో కేసు తేలిపోయింది. వాడికి లెక్కలు వచ్చు, ఫార్ములాలూ వచ్చు, కానీ బుర్రలో ఒక కథ నడుస్తా ఉంది: బ్యాటరీ అనేది కరెంటు పంచే రేషన్ షాపు, ఎప్పుడూ అంతే ఇస్తది, బయలుదేరిన కరెంటు దారిలో ఎవరు ఎదురొస్తే వాళ్ళకి తినిపిస్తా పోద్ది, చివరికి మైనస్‌కి చేరేసరికి ఏం మిగలదు. ఫార్ములా ఏం చెప్పినా చెయ్యి మాత్రం ఆ కథ ప్రకారమే రాస్తది. 12 వోల్టుల్ని తీసుకెళ్ళి నేరుగా 2 ఓముల మీద పెట్టేసింది కూడా అందుకే, వాడి కథలో మొదటి రెసిస్టర్‌కి వెనకాల ఇంకోటి ఉందని తెలవదు కదా.

మరి షాపులో పెరిగినోడికి ఈ కథ యాడనుంచి వచ్చింది అని ఆలోచిస్తే నాకు తట్టింది ఏంటంటే, అది మన భాషలోనే ఉంది. తెలుగులో కరెంటు అనే ఒక్క ముక్కతో ఎన్ని పనులు చేయిస్తామో చూడండి. కరెంటు పోయింది అంటాం, అది సప్లై. కరెంటు కొట్టింది అంటాం, అది షాకు. కరెంటు తక్కువగా వస్తుంది, ఫ్యాన్ తిరగట్లేదు అంటాం, అది వోల్టేజ్. ఆ పాత ఫ్రిజ్ కరెంటు బాగా తింటది అంటాం, అది ఎనర్జీ. కరెంటు బిల్లు కడతాం, అందులో ఉండేది యూనిట్లు, అంటే వెయ్యి వాట్లది ఒక గంట నడిస్తే ఒక యూనిట్, అదీ ఎనర్జీనే, ఆంపియర్లకి ఎవరూ బిల్లు వెయ్యరు. పుస్తకంలో కరెంటు అంటే ఒక సెకనులో ఎంత చార్జ్ దాటింది అని. పదహారేళ్ళు ఇంట్లో "కరెంటు తింటది" అని విని వచ్చినోడికి నేను ఒక పీరియడ్‌లో "కరెంటు తగ్గదు, అంతటా ఒకటే" అంటే వాడు పైకి తలూపుతాడు, లోపల ఎట్టా నమ్ముతాడు? వాడి తప్పు కాదు, ఇద్దరం ఒకే మాటతో రెండు వేరే వస్తువుల గురించి మాట్లాడుకుంటున్నాం.

ఇందులో నా పాపం కూడా ఉందండోయ్. ఇన్నేళ్ళూ క్లాసులో కరెంటు అంటే కాలవలో నీళ్ళు అని చెప్పేవాణ్ణి, సోమశిల నీళ్ళు కావలి కాలవలో వస్తాయి కదా అట్టా అని, పిల్లలకి తెలిసిన బొమ్మ కదా అని గొప్పగా ఫీలయ్యేవాణ్ణి. కాలవ సంగతి తెలిసిన ఏ రైతు బిడ్డనైనా అడగండి, పై రైతు మడి పెట్టుకుంటే చివరాఖరి రైతుకి నీళ్ళు అందవు. అంటే "ముందున్నోడు తినేస్తాడు" అనే కథకి నా ఉదాహరణే నీళ్ళు పోసి పెంచింది! కాలవ నీళ్ళు వెనక్కి సోమశిలకి పోవు, సర్క్యూట్‌లో చార్జ్ బ్యాటరీకి తిరిగి రావాల్సిందే. ఆ రోజు నుంచి కాలవని క్లాసులోకి రానివ్వలా.

నోటితో చెప్తే లాభం లేదని మీటర్లు తెచ్చా. టార్చి బల్బులు రెండు, పెన్సిల్ సెల్లులు రెండు, అంటే 3 వోల్టులు, మల్టీమీటర్లు రెండు 10 ఆంపియర్ రేంజిలో. ఒక మీటరు మొదటి బల్బుకి ముందు, ఇంకోటి రెండో బల్బు తర్వాత. కలపక ముందే రెండిట్లో ఎంత చూపిస్తదో కాయితం మీద రాయమన్నా, ఇది ముఖ్యం, రాయకపోతే చూశాక "నేనూ అదే అనుకున్నా సార్" అంటారు. మావోడు ముందు మీటరుకి 0.3, తర్వాత దానికి 0.1 అని రాశాడు. కలిపాం. రెండిట్లోనూ 0.22. మావోడు మీటరోడు కదా, వెంటనే ఒప్పుకోలా, "రెండో మీటరు తేడాగా ఉంది సార్" అని రెండూ పీకి అటుదిటు మార్చి పెట్టాడు. మళ్ళీ 0.22, 0.22. రెండు బల్బుల మధ్యలో పెట్టాడు, అదే. సెల్లులు తిరగేశాడు, ముందు మైనస్ గుర్తు వచ్చింది కానీ అంకె అదే. పది నిమిషాలు నేనేం మాట్లాడలా. ఆ ఉత్సాహంలో మీటర్‌ని 200 మిల్లీ ఆంపియర్ రేంజికి మార్చి నేరుగా సెల్లుల రెండు కొసలకీ పెట్టాడు, లోపల ఫ్యూజు పోయింది. పోతే పోయిందిలే, ఆమ్మీటర్‌కి (కరెంటు కొలిచేటప్పుడు మీటరు అదే) రెసిస్టెన్స్ దాదాపు ఉండదు కాబట్టి దాన్ని దారి మధ్యలో పెట్టాలి కానీ సెల్లు రెండు కొసలకీ పెట్టకూడదు అనే మాట ఇంకెప్పుడూ చెప్పాల్సిన పని రాలేదు.

"మరి కరెంటు తగ్గకపోతే బల్బు దేన్ని తింటంది సార్? సెల్లు ఎందుకు అయిపోద్ది?"

ఈ ప్రశ్న రావడానికి నెల పట్టింది, వచ్చాక మాత్రం పని సులువైంది. కింద మావోడి సైకిల్ ఉంటే స్టాండ్ వేసి చూపించా. చైను అంతటా ఒకే వేగంతో కదులుద్ది, ముందు పళ్ళ చక్రం దగ్గర ఎంతో వెనక దగ్గరా అంతే, వెనక చక్రం చైనుని తినదు. కానీ నీ కాలి బలం చైను మీదుగా చక్రానికి చేరతా ఉంది, అలిసిపోయేది నువ్వు. తొక్కేది సెల్లు, తిరిగేది బల్బు, చైను చార్జ్. స్విచ్ వెయ్యగానే దూరంగా ఉన్న బల్బు ఎట్టా వెలుగుద్ది అనేదానికి కూడా ఇదే జవాబు, తీగలో ఎలక్ట్రాన్లు ముందే నిండి ఉన్నాయి, పెడలు కదిపితే చైను మొత్తం ఒకేసారి కదులుద్ది. ఎలక్ట్రాన్లు విడివిడిగా నడిచే నడక మాత్రం నత్త నడకే, 1 చదరపు మిల్లీమీటర్ రాగి తీగలో 1 ఆంపియర్ పోతుంటే సెకనుకి సుమారు 0.07 మిల్లీమీటర్, అంటే ఒక మీటరు దూరం పోవడానికి నాలుగు గంటలకి కాస్త తక్కువ. మావోడు ఇది విని పడీపడీ నవ్వాడు. చైను బొమ్మలో ఒక లోపం ఉంది, జంక్షన్ అంటే దారి చీలే చోటు చూపించలేం, చైను రెండుగా చీలదు కదా. అక్కడ బొమ్మ వదిలేసి "వచ్చిందంతా పోవాల, మధ్యలో పోగవదు" అని నేరుగా చెప్పేశా. జర్మన్ సైంటిస్టు కిర్కాఫ్ చెప్పిన జంక్షన్ రూలు అదే, ఆయన 1845లో ఈ రూళ్ళు రాసేనాటికి వయసు 21, ఇంకా స్టూడెంటే.

తర్వాత వాడి షాపుకే పోయా. ప్రతి వైండింగ్ షాపులోనూ ఒక సిరీస్ బోర్డు ఉంటది, మెయిన్స్‌కీ సాకెట్‌కీ మధ్య ఒక 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు. అనుమానం ఉన్న సామాను ముందు అందులో పెడతారు. లోపల షార్ట్ ఉంటే బల్బు ఫుల్లుగా వెలుగుద్ది, తీగ తెగిపోయుంటే అసలు వెలగదు. ఇది మావోడికి నిద్రలో కూడా తెలుసు. నేను అడిగా, బల్బు ముందుంది, సామాను వెనకుంది, ముందున్నోడు తినేసి మిగిలింది వెనకోడికి ఇస్తాడన్నావు కదా, మరి వెనకోడు బాగున్నాడో లేదో ముందున్న బల్బుకి ఎట్టా తెలుస్తుంది? తీగ తెగింది వెనకాల కదా, ముందోడు తన వాటా తిని వెలగాలిగా?

చాలాసేపు ఆ బోర్డు వంకే చూశాడు. "అంటే మొత్తం కలిపి చూసుకుని అప్పుడు కరెంటు ఎంతో తేలుద్ది సార్" అన్నాడు. నా మాట కాదు, వాడి మాటే, నోట్సులో రాసి పెట్టుకున్నా. ఆ తర్వాత 60 వాట్లదీ 100 వాట్లదీ సిరీస్‌లో పెట్టి చూశాం. 100ది ఎక్కువ వెలుగుద్ది అని షాపులో అందరూ పందెం కాశారు, 60దే ఎక్కువ వెలిగింది. లెక్క వేస్తే 60 వాట్ల దానికి 230 వోల్టుల దగ్గర సుమారు 882 ఓములు, 100 దానికి 529. కరెంటు ఇద్దరికీ ఒకటే, కాబట్టి ఓములు ఎక్కువున్నోడికే వోల్టులు ఎక్కువ, వాట్లూ ఎక్కువ. మావోడు ఆగలా, చల్లగా ఉన్న 100 వాట్ల బల్బుకి మీటరు పెట్టి "సార్ ఇది 40 ఓములు కూడా చూపించట్లేదు, 529 యాడ" అని నిలదీశాడు. ఫిలమెంట్ వేడెక్కితే రెసిస్టెన్స్ పది రెట్లకి పైనే పెరుగుద్ది, పుస్తకంలో ఇట్టాంటి సర్క్యూట్ లెక్కలు ఎక్కువగా అది మారదనుకుని వేసేవే. ఇట్టాంటి ప్రశ్న ఇరవైకి ఇరవై తెచ్చుకునేవాళ్ళు కూడా నన్ను ఎప్పుడూ అడగలా.

ఇక పేపరు మీద పని. ఇక్కడ నేను వాడింది స్కెచ్ పెన్నులు, అంతకంటే పెద్ద టెక్నిక్ ఏం లేదు. లెక్క ముట్టుకునే ముందు బ్యాటరీ ప్లస్ దగ్గర ఎర్ర పెన్ను పెట్టి, రెసిస్టర్ అడ్డం వచ్చేదాకా తీగ యాడికి పోతే అక్కడికి, కొమ్మలు చీలితే అన్ని కొమ్మలకీ ఎర్ర రంగు వెయ్యాలి. రెసిస్టర్ దాటితే రంగు మారుద్ది. మైనస్ దగ్గర నల్ల రంగు. ఒక రంగు అంటే ఒక వోల్టేజ్. రెండు రెసిస్టర్ల రెండు కొసలకీ అవే రెండు రంగులు ఉంటే అవి పారలల్, బొమ్మలో పక్కపక్కన ఉన్నా, నిలువుగా ఉన్నా, మైలు దూరంలో ఉన్నా. ఏబీసీడీ అని నాలుగు పాయింట్లు, మధ్యలో 6 ఓములవి మూడు రెసిస్టర్లు వరసగా, ఏ నుంచి సీకి ఒక తీగ, బీ నుంచి డీకి ఒక తీగ వేసి ఇస్తారు చూడండి పోటీ పరీక్షల్లో, మావోడు ముందు దానికి 18 అని రాసేవాడు, వరసగా ఉన్నాయి కదా అని. రంగులు వేస్తే మొత్తం బొమ్మలో రెండే రంగులు తేలాయి, ఏ సీ ఎరుపు, బీ డీ నలుపు, అంటే మూడూ పారలల్, 2 ఓములు. ఆ రోజు మావోడి మొహం చూడాల.

మళ్ళీ మొదటి బొమ్మకి వచ్చాం, 4 తర్వాత 12, 6. ఎరుపు, నీలం, నలుపు. నీలానికీ నలుపుకీ మధ్య 12, 6 పారలల్, కలిపితే 4. ఎరుపుకీ నీలానికీ మధ్య ఇంకో 4. మొత్తం 8, కరెంటు 1.5, నీలం సరిగ్గా సగంలో 6 వోల్టుల దగ్గర. ఇప్పుడు 12 ఓములు కత్తిరిస్తే? రంగులు అవే కానీ నీలం జరుగుద్ది. మొత్తం 10 ఓములు, కరెంటు 1.2, 4 ఓముల మీద 4.8, నీలం 7.2 వోల్టులకి లేచింది, 6 ఓముల్లో 1.2 ఆంపియర్లు. మొత్తం కరెంటు 1.5 నుంచి తగ్గింది, 6 ఓములోడికి మాత్రం 1 నుంచి పెరిగింది. బ్యాటరీ ఎప్పుడూ అంతే కరెంటు ఇస్తది అనే మాటని ఈ ఒక్క లెక్క పాతిపెట్టింది అనుకున్నా. అసలైతే బ్యాటరీ వోల్టులు కూడా ఎప్పుడూ అంతే ఇవ్వదు, లోపల దానికీ రెసిస్టెన్స్ ఉంటది. వోల్టులకీ కరెంటుకీ లెక్క కట్టిన ఓమ్ కూడా మనలాగే బడి పంతులే, 1827లో పుస్తకం వేసేముందు ప్రయోగాల్లో బ్యాటరీ నిలకడగా ఉండక విసిగిపోయి, దాన్ని పక్కన పడేసి రెండు లోహాల అతుకుని వేడి చేసి వచ్చే వోల్టేజ్ వాడుకున్నాడు. మావోడికి ఈ కథ బాగా నచ్చింది, షాపోడి బుద్ధి కదా.

పాతిపెట్టింది అనుకున్నా అన్నాను కదా, అది మళ్ళీ లేచింది. వేసవిలో వాళ్ళ నాన్నకి సముద్రం పక్క రొయ్యల గుంటల నుంచి ఒక కంప్లైంట్ వచ్చింది. స్తంభం నుంచి గుంటకి 100 మీటర్లు 1.5 చదరపు ఎంఎం రాగి వైరు లాక్కున్నారు, చివర 1 హెచ్‌పి సింగిల్ ఫేజ్ మోటారు. స్విచ్ వేస్తే మూలుగుద్ది కానీ తిరగదు. మోటారు పీకేసి వైరు చివర మీటరు పెడితే శుభ్రంగా 230 చూపిస్తుంది. గుంట ఆయన వోల్టేజ్ బాగానే ఉంది, మీ వైండింగే బాగాలేదు అని తగువు, వాళ్ళ నాన్నేమో "అంత దూరం వచ్చేసరికి కరెంటు అరిగిపోద్ది" అని సమాధానం. మావోడు కాయితం తీసుకుని నా దగ్గరికి వచ్చాడు.

వైరు పోనూ రానూ 200 మీటర్లు, రాగి లెక్కన 2.3 ఓములు. మోటారు నడుస్తా ఉన్నప్పుడు 7 ఆంపియర్లు, దానికి 16 వోల్టులు పోతాయి, పెద్ద నష్టం కాదు. కానీ మోటారు లేచేటప్పుడు నేరుగా 230 ఇస్తే 40 ఆంపియర్ల దాకా లాగుద్ది. మావోడు రాశాడు: 40 ఇంటూ 2.3, 92 వోల్టులు పోయినాయి, మిగిలింది 138. నేనేం అనలా, ఎర్ర పెన్ను చేతికిచ్చా. ఒక నిమిషం చూసి తనే నాలిక కరుచుకున్నాడు, "40 అనేది మోటారుకి మొత్తం 230 అందితే కదా సార్." మళ్ళీ అదే రేషన్ షాపు, ఈసారి మోటారు వేషంలో! సరిదిద్దుకున్నాడు. లేచేటప్పుడు మోటారుని 230 బై 40, అంటే 5.75 ఓములు అనుకుంటే, వైరుతో కలిపి 8.05, కరెంటు సుమారు 28.6, వైరు మీద 66 వోల్టులు, మోటారుకి 164. ఏసీ మోటారు కాబట్టి ఇది ఖచ్చితమైన లెక్క కాదు, ఫేజ్ తేడాలు (వోల్టేజ్, కరెంటు ఒకేసారి పెరిగి తగ్గవు) ఉంటాయి, ఉజ్జాయింపుకి చాలు. మోటారు లేచే బలం వోల్టేజ్ వర్గం (స్క్వేర్) ప్రకారం తగ్గుద్ది కాబట్టి మామూలు బలంలో సగమే మిగులుద్ది, మూలగక ఏం చేస్తది. మరి మోటారు పీకేస్తే 230 ఎందుకు చూపిస్తుంది అంటే, మీటరు కరెంటు లాగదు దాదాపుగా, కరెంటు లేకపోతే వైరు మీద పోయే వోల్టులూ లేవు. 4 చదరపు ఎంఎం వైరు వేస్తే వైరుకి 0.86 ఓములు, మోటారుకి 200 వోల్టులు, బలం ముప్పాతిక దాకా వస్తది, అది కూడా మావోడే లెక్కేశాడు.

"నాన్నా, కరెంటు అరగలా, స్తంభం దగ్గర ఎంతో మోటారు దగ్గరా అంతే. వోల్టేజ్ అరిగింది, అదీ మోటారు లాగినప్పుడే" అని ఇంట్లో చెప్పాడంట. వాళ్ళ నాన్న, ఏదో ఒకటి అరిగింది కదరా, వైరు మార్పించమను అన్నాడంట. వైరు మార్చాక మోటారు లేచింది.

పరీక్షలో ఆ చాప్టర్ నుంచి వచ్చిన లెక్క చేశాడు, రంగులు వెయ్యడానికి పెన్నులు ఉండవు కాబట్టి పెన్సిల్‌తో చుక్కలు, గీతలు, నిండు గీతలు పెట్టుకున్నాడంట. అన్నీ కుదిరిపోలేదు. రెండు బ్యాటరీలు ఎదురెదురుగా ఉన్న లూపు వస్తే ప్లస్ యాడ మైనస్ యాడ అని ఇప్పటికీ తడబడతాడు, చిన్న బ్యాటరీలోకి కరెంటు వెనక్కి పోద్ది అంటే మనసొప్పదు. పోయిన ఆదివారం షాపు నుంచి ఒక పాత ఇన్వర్టర్ బ్యాటరీ, చార్జర్ తెచ్చి పెట్టమన్నా, చార్జింగ్ అంటే అదే కదా. ఆమ్మీటర్‌కి కొత్త ఫ్యూజు కూడా తెమ్మన్నా.